పదకొండు ట్రిప్పులు

ముహర్రఖ్ బలదియా రెండో అంతస్తుల
నెలకు రెండుసార్లు సేవల కమిటీ కూసుంటది.
దీపాలు వెలిగినయా, చెత్త పోయిందా, మురుగు తోడిండ్రా
అడిగేది వాళ్ల పని.
పద్దెనిమిది గ్లాసులు, మూడింటికి చక్కెర లేదు, ఒకదాంట్ల పుదీన.
ఇది నా పని.

తొమ్మిదేండ్లల్ల అరబ్బీ నాకు చెవులల్ల నుంచే వచ్చింది.
"పరిశీలనల ఉంది" అంటే ఏమీ కాలేదని,
"గుర్తించినం" అంటే మర్చిపోతమని,
"కాంట్రాక్టరు వివరణ ఇస్తడు" అంటే
ఇంకో విడత చాయ్ పెట్టాలని.

ఇయ్యాల పాత బజారు వెనక గల్లీ లెక్క.
మురుగు గుంత పొంగి చేపల దుకాణం దాటి
ఒక ముసలామె గడప దాకా వచ్చిందట.
ఆమె ఫొటోలు పంపింది,
గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా ఎక్కినయో
రోజుకో బొగ్గుగీత గీసి.
కాంట్రాక్టరు మనిషి ఇస్త్రీ మడత చెదరకుండ చెప్పిండు:
రోజుకు పదకొండు ట్రిప్పులు. ఇగో షీట్లు. ఇగో సంతకాలు.

ముబారక్ సారు పెన్ను మూత తీసిండు.
ఒకప్పుడు బడిపంతులు. ఇప్పటికీ లెక్క తప్పితే నిద్ర పట్టదు.
"తోడెతందుకు అరగంట, ప్లాంటు దాకా పోను రాను గంట,
అక్కడ లైన్ల ఇంకో అరగంట.
పదకొండు రెండ్లు ఇరవై రెండు.
మరి ఈ డ్రైవరు అన్నం ఎప్పుడు తింటడు?"

కేటిల్ నా చేతుల బరువెక్కింది.
ఆ డ్రైవరు మా పోశెట్టి.
మెట్‌పల్లి దాటినంక మా ఊర్లు పక్కపక్కన,
ఇక్కడ మా మంచాలు కిందామీద.
ఆయన అన్నం ఎప్పుడు తింటడో
ఇన్నేండ్లల్ల నేను సుత అడగలే.

కమిటీకి పెద్ద బద్రియా మేడం.
షీట్లు ఒకటొకటి తిరగేసి ఒక్కకాడ ఆగింది.
సంతకం పక్కన ఏదో చిన్నగ, గుండ్రంగ,
రోజూ ఉన్నది, రోజూ ఒక్కతీరుగ లేదు.
"ఇది మీ లిపేనా? ఇటు రా. చదువు."

పోశెట్టి రాత. జొన్నగింజలంత అక్షరాలు.
ఆదివారం: నాలుగే.
సోమవారం: నాలుగే, పంపు పాడు.
మంగళవారం: బండి గ్యారేజీల.
బుధవారం: గ్యారేజీలనే.
పైన అచ్చు అంకెలు మాత్రం పదకొండు, పదకొండు.

ఎవరికోసం రాసినవురా?
ఈ దీవిల, ఆఫీసు కాగితం మీద, తెలుగు ఎవలు చదువుతరని?
చదివితే నీ మెడ.
చదవకపోతే ఆ ముసలామె గడప.
"పేరు మేడం, వట్టి పేరు" అని నోటిదాకా వచ్చింది.
పేరు రోజుకో తీరుగ ఉంటదా అని
ముబారక్ సారు అడగకముందే అడిగినట్టయింది.

"అర్బఆ" అన్న. నాలుగు.
"రెండోనాడు?"
"అర్బఆ."
మూడోనాటికి కాంట్రాక్టరు మనిషి గొంతు సవరించుకున్నడు.
నేను ఆగలే.

మినిట్స్‌ల రాసిండ్రు: కాగితాలను బట్టి స్పష్టమైంది.
నా పేరు లేదు, మంచిదే. పోశెట్టి పేరూ లేదు.
ముప్పై రోజుల గడువు. పంపు మార్చాలె, రెండో బండి పెట్టాలె.

బండి వచ్చింది. అబద్ధమెందుకు, గల్లీ ఆరింది.
పోశెట్టికి మూడు రోజుల జీతం కోత.
కారణం: అధికార పత్రం మీద అనవసరపు రాతలు.
నన్నేమీ అన్లే. ఆ రాత్రి నా కంచంల ఇంత పచ్చిపులుసు పోసి
"ఎట్ల చదివినవే, నా రాత నాకే తెల్వది" అన్నడు.

మళ్ల కమిటీ. కొత్త షీట్లు. వాటి మీద కొత్త నిబంధన:
డ్రైవర్లు సంతకం పెట్టొద్దు, వేలిముద్ర చాలు.
బద్రియా మేడం కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టింది.
నీలిరంగు సుడులు, వరసగ, ఒక్కతీరుగ.
చాలాసేపు చూసి
నా దిక్కు తిరిగింది.

పుదీన గ్లాసు ఎవరిదో మర్చిపోయిన.