లాగడం లేదు

ఫోన్లో సెల్వం అన్నది ఒక్క ముక్క:
"అన్నా, లాగలే."
సేలం నుంచి కోతలకి వస్తూ ఎనిమిదేళ్లయినా
వాడి తెలుగు పదో నంబరు పానా అంత పొట్టిది.
చాలు. బోల్టుకి సరిపోతుంది.

ఆటోనగర్లో షట్టరు సగానికి దించి
గేజీ, రెండు ఫిల్టర్లు, ఇరవై లీటర్ల నూనె డబ్బా
బండి వెనక కట్టుకుని బయల్దేరాను.
మంగళగిరి దాటాక మబ్బు,
దుగ్గిరాలలో పసుపు ఘాటు,
కొల్లిపర చేరేసరికి
గట్ల మీద మనుషులంతా తూర్పుకి తిరిగి ఉన్నారు.
సముద్రంలో ఏదో లేచిందట.

మిషను చేను నడిమధ్యన ఆగిపోయి ఉంది,
కోసినదానికీ కొయ్యనిదానికీ సరిగ్గా హద్దు మీద.
ఇంజను మోగుతోంది, కత్తెర ఆడుతోంది,
చైన్లు మాత్రం, ఆ పెళ్లికి మమ్మల్ని పిలవలేదన్నట్టు.

సామ్రాజ్యమ్మ గారు గొడుగు మూసి గట్టులో గుచ్చింది.
మిషను ఆవిడది, అప్పు బ్యాంకుది,
పడిపోయిన బీపీటీ ఇంకొకరిది.
"పంపు పోయిందంటున్నారు. పోయిందా?"
పంపంటే లక్షా నలభై.
నేను పలకలేదు.

చల్లగా ఉన్నప్పుడు నడిచిందా? నడిచింది.
ఎంతసేపు? రెండు చుట్లు.
ఆపి, టీ తాగి, మళ్లీ తిప్పితే? మళ్లీ రెండు చుట్లు.
వెనక్కి? వెనక్కీ లేదు.
ఒక్క వైపే పోతే ఆ వైపు వాల్వుని పట్టుకోవాలి,
రెండు వైపులా పస్తుంటే
వంటింట్లోకి వెళ్లి చూడాలి.

లివరు కింద పిన్ను ఉంది. బెల్టు బిగువుగానే ఉంది.
లారీ ఎక్కించేటప్పుడు వదులుచేసే బైపాసు మర బిగించే ఉంది.
(అమృతలూరులో ఒకాయన ఆ మర మరిచిపోయి
కొత్త మోటారు కొన్నాడు.
కొత్త మోటారూ కదల్లేదు.)

పుల్ల తీసి చూస్తే నూనె మజ్జిగ.
ఎక్కడో గాలి తాగుతోంది.
స్క్రూడ్రైవరు మొన పంపుకి, పిడి చెవికి ఆనిస్తే
లోపల ఎవరో గులకరాళ్లు నములుతున్నారు.
గేజీ ముల్లు ఇరవైకి లేచి నిలబడింది,
ఆ తర్వాత పద్దెనిమిది, పన్నెండు, ఏడు.
పంపు బాగానే ఉంది.
దాని గొంతు ఎవరో నొక్కుతున్నారు.

ట్యాంకు దింపి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమితే
జల్లెడ మూతికి అతుక్కుని
జానెడు గుడ్డ.
ఇంజను ఆపితే అడుక్కి జారి పడుకునేది,
నడిపితే మెల్లగా లేచి వచ్చి నోరు మూసేది.
ఇన్నాళ్లూ ఏ మూల నక్కిందో.

నీలి గళ్లు. అంచున ఎర్రదారం కుట్టు.
ఆ కుట్టు నాది, ఆ లుంగీ నాది,
నిరుడు మే నెలలో ఈ ట్యాంకు కడిగిన చేతులూ ఇవే.

సెల్వం చూశాడు. చూసి
మబ్బు ఎంత దగ్గరికొచ్చిందో చూడ్డం మొదలెట్టాడు.
పిడికిట్లో పట్టేంత గుడ్డ, ప్యాంటుకి పెద్ద జేబు.
ఫిల్టరు పోయిందమ్మా అంటే సరిపోయేది,
ఏడు వేలు అని కూడా అనొచ్చు.
నోట్లో ఆ మాట తయారుగానే ఉంది, అబద్ధమెందుకు.

గట్టు దాకా నడిచి
గుడ్డని పిండి గొడుగు పిడి మీద ఆరేశాను.

ఆవిడ చాలాసేపు చూసింది.
"నిరుడు బిల్లులో ఇది రాయలేదేం?" అంది.
నవ్విందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేను.

కొత్త నూనె, కొత్త ఫిల్టరు, గాలి పోయేదాకా ఓపిక.
సెల్వం లివరుని బొటనవేలంత ముందుకి నెట్టాడు.
చైను కింద బురద ఒకసారి నిట్టూర్చింది,
మిషను హద్దు దాటింది.
చినుకులు పడేసరికి ఎకరంన్నర మిగిలింది.
నాలుగు గంటల అద్దె నా ఖాతాలో రాసుకుంది ఆవిడ.
రాసుకోమన్నాను.

ఇప్పుడు షెడ్డులో గుడ్డలు లెక్కపెట్టి ఇస్తాను:
ట్యాంకులోకి వెళ్లేవి ఆరు, బయటికొచ్చేవి ఆరు.
కుర్రాళ్లు వెనక నవ్వుతారు.
లెక్కపెట్టాక నవ్వమంటాను.