గరిటె వీపు

మాఫెటెంగ్ పాత ఆసుపత్రిలో
ఛాతీ వార్డు నేల పీకేస్తున్నారని తెలిసి
ముగ్గురం తోపుడుబండితో వెళ్ళాం.
ఆకుపచ్చ లినోలియం,
బెంచీ కాళ్ళు నొక్కిన గుంటలతో సహా
చాపలా చుట్టి ఇచ్చాడు మేస్త్రీ.
"చెత్తకి డబ్బులేంటమ్మా" అన్నాడు.

ఆ చెత్త మీదే నా మొగుడు త్సెలిసో
పదకొండు నెలలు దగ్గాడు.

పులేంగ్ మాసేరు నుంచి ఉలులు తెచ్చింది.
"చెక్కింది తెల్లగా వస్తుంది,
వదిలేసింది నల్లగా వస్తుంది" అంది.
వదిలేసిందంతా నలుపేనని
నాకొకరు చెప్పాలా.

చలికాలం. దుప్పట్లు భుజాన పిన్నుతో బిగించుకుని
చర్చి వెనక గదిలో పద్నాలుగు మందిమి.
పొయ్యి పక్కన కాస్తే నేల మెత్తబడి
జున్నుముక్కలా తెగుతుంది.
మాతుమెలో వేలు కోసుకుని
"ఇదిగో, గనికి ఇంకొంచెం" అంది.
ఎవరం నవ్వలేదు.
తర్వాత అందరం నవ్వాం.

నేను బడికి పోలేదు.
నా పలక ఆసుపత్రి నేల.
అక్షరాలు నాకిక్కడే వచ్చాయి, అదీ తిరగేసి;
కాగితం మీద తిన్నగా పడాలంటే
అద్దంలో ఉన్నట్టు చెక్కాలట.
త్సెలిసో పేరుని కుడి నుంచి ఎడమకి
బొగ్గుతో గోడ నిండా దిద్దాను.
ఇప్పటికీ బజార్లో బోర్డు చూస్తే
ముందు అదే తప్పనిపిస్తుంది.

ప్రెస్సు లేదు మాకు.
మొక్కజొన్న సంకటి కెలికే చెక్క గరిటె ఉంది.
దాని వీపుతో కాగితాన్ని రుద్దడమే,
గుండ్రంగా, గుండ్రంగా,
నొప్పెట్టిన బిడ్డ కడుపు నిమిరినట్టు.
బలం చాలని చోట మసక.
మసక ఉండనివ్వమంది పులేంగ్.

అందరూ మొగుళ్ళనే చెక్కలేదు.
మాతుమెలో ఒక బిస్కట్ల డబ్బా చెక్కింది,
సెలవుకొచ్చినప్పుడు అతను తెచ్చేది, మూత మీద గులాబీలతో.
ముసలి మామొహాపి ఒక బస్సు చెక్కింది.
తలుపు తెరిచే ఉంటుంది, ఎవరూ దిగరు.
నేను ఎక్స్‌రే చెక్కాను.
పక్కటెముకలు సులువే.
దుమ్ము చుక్కలు చుక్కలుగా రావాలి, మేకుతో పొడవాలి.
అతను భూమి కింద ఉన్న ఏళ్ళ లెక్కన పొడుద్దామనుకున్నాను,
ఏళ్ళు దాటాయి, నెలలు దాటాయి,
చెయ్యి ఆగలేదు.

ఎండిన బొమ్మల్ని జిగురుతో కలిపి
మడత మీద మడత వేశాం.
అట్టలకి పాత దుప్పటి గుడ్డ.
మూస్తే ఇటుకంత పుస్తకం.

పరిహారం ఆఫీసు వారానికొక్కరోజే.
కౌంటరు వెనక కుర్రాడిది ఒకటే మాట:
"కాగితం తెచ్చారా?"
గని చీటీ ఇంటితో పాటు కాలిపోయిందంటే
"కాగితం తెచ్చారా?"
ఆ రోజు తెచ్చామన్నాం.
ఒక కొస కౌంటరు మీద పెట్టి
రెండోది పట్టుకుని నడిచాను.
మడతలు విప్పుకుంటూ పుస్తకం
వరస పొడవునా సాగింది,
గుమ్మం దాటి, మెట్లు దిగి, ఎండలోకి.
నిలబడ్డవాళ్ళు తలో పేజీ పట్టుకున్నారు,
ఎవరూ చెప్పకుండానే.
ఏడో మడత దగ్గర ఎవరో పిల్ల
"అచ్చు గుద్దినట్టు మా నాన్నే" అంది.
అది త్సెలిసో ఊపిరితిత్తి.
నేను కాదనలేదు.

కుర్రాడు బయటికొచ్చాడు.
మొదటి పేజీ నుంచి చివరిదాకా నడిచాడు.
ఏం తోచిందో, అలవాటుగా సిరా డబ్బీ చాపి
"వేలిముద్ర వెయ్యాలి" అన్నాడు.

"ముద్రలు వెయ్యడం మా పనే అబ్బాయీ.
ఈసారి నువ్వు వెయ్యి.
చూశానని."

తన బొటనవేలిని తనే కాసేపు చూసుకున్నాడు.
చివరి పేజీలో, మూలగా, వేశాడు.
కొంచెం అలుక్కుపోయింది.

డబ్బు ఇంకా రాలేదు.
నేల చుట్ట సగం మిగిలే ఉంది,
పొయ్యి పక్కన మెత్తబడుతోంది.