మూడో లక్ష్యం

ప్రతి పేపరుకీ నాలుగు లక్ష్యాలు రాయమన్నారు.
"తెలుసుకుంటారు" అని రాస్తే కొట్టేశారు,
తెలుసుకోవడాన్ని కొలవలేమట.
"లెక్కించగలరు", "తగ్గించగలరు" అని రాసుకొచ్చాను.
అరవై శాతం మంది గీత దాటితే
గడి పచ్చబడుతుంది.

బీబీఏ చివరి ఏడాది, కాస్ట్ అకౌంటింగు.
మూడో లక్ష్యం: సరుకు ఖర్చు తగ్గించగలరు.
మునిచంద్రకి ముప్పైకి ఇరవై తొమ్మిది.
ఆ ఒక్కటీ చెయ్యి రాక నేను ఆపుకున్నది.

జూన్ నెలాఖరు. చిత్తూరు బైపాసు దాటాక
గుజ్జు ఫ్యాక్టరీ ముందు రెండు మైళ్ళ ట్రాక్టర్ల వరస.
మా బామ్మర్ది తోతాపురి లోడు మీద
తడిగోనె కప్పుకొని
రెండు రాత్రులుగా పడుకున్నాడు.
సద్ది క్యారియరు ఇచ్చొద్దామని పోయాను.

కాటా గది కిటికీలో మునిచంద్ర.
మెడలో కంపెనీ బ్యాడ్జి.
"టన్నుకి ఎనభై కిలోలు తరుగన్నా,
మచ్చకాయ లెక్క వేరే."
తడబాటు లేదు. ఆ గొంతు నాదే,
బోర్డు ముందు నిలబడినప్పటిది.

అప్పుడు తలెత్తాడు.
నన్ను చూశాడు. క్యారియరు చూశాడు.
పెన్ను ఆగింది,
రెండు రెప్పపాట్లు.
తర్వాత ఎనభయ్యే రాశాడు.
"బాగుండారా సార్?" అన్నాడు.

ఈరోజు పట్టిక నింపుతున్నాను.
మూడో లక్ష్యం చేరింది, గడి పచ్చగా ఉంది.
పెన్ను ఆగిన ఆ చోటుకి
ఏ క్రియాపదం రాయాలో తోచక
అయిదో వరస ఒకటి చేర్చి ఖాళీగా వదిలాను.
కంప్యూటరు ఒప్పుకోవడం లేదు.
ఎర్రగా అడుగుతోంది:
ఎన్నింటికి ఎన్ని?