బాణం గుర్తు

బొమ్మనహళ్లి ఫ్యాక్టరీలో నాది చెకింగ్ పని.
చొక్కా బల్ల మీద పరిచి
కాలరు, చంక, అంచు, గుండీల వరస
అరచేత్తో ఒకసారి, కంటితో ఒకసారి.
కుట్టు తప్పిన చోట
ఎర్ర స్టిక్కరు అంటిస్తాను, బాణం గుర్తు ఉన్నది.
గంటకి డెబ్బై చొక్కాలు.
ఓడెక్కాక దొరికిన తప్పుకి నూరింతల ఖర్చంటాడు సూపర్‌వైజరు,
బల్ల మీదే దొరికితే ఒక దారప్ముక్క.
ఈ లెక్క తెలిసినందుకే నాకు జీతమిస్తున్నారు.

మా అమ్మ చౌడమ్మ, నలభై నాలుగుకి.
చిన్నమ్మ నలభై ఒకటికి.
అక్క వెంకటరత్న ముప్పై తొమ్మిదికి.
మూడో అంతస్తులో కాజాల మిషను మీద ఉండేది,
గడ్డ చేతికి తగిలింది దీపావళి బోనస్ నెలలో,
ఓవర్‌టైము పోతుందని
జనవరి దాకా ఎవరికీ చెప్పలేదు.
నాకు ముప్పై ఆరు.
మా ఇంట్లో వయసుని పుట్టినరోజు నుంచి లెక్కపెట్టం,
అటు చివర నుంచి లెక్కపెడతాం.

అక్కకి కార్డు పనిచేసింది. అబద్ధం చెప్పకూడదు.
నెలనెలా జీతంలో కోసుకునే ఆ కార్డే
ఆపరేషనుకి, పదహారు సార్లు ఎక్కించిన మందుకి,
అన్నిటికీ కట్టింది,
ఆఖరున ఇంటికి తెచ్చిన వ్యానుకి తప్ప.

అక్కని చూసిన డాక్టరమ్మే నన్ను వరండాలో ఆపింది.
"నీ రక్తం పరీక్ష చేయించు. ఏడాదికోసారి స్కాను.
నలభై దాకా ఆగొద్దు."
మందుల చీటీ వెనక మా ఇంటి ఆడవాళ్లని గీసింది.
గుండ్రాలు. రోగం వచ్చిన వాళ్లని నల్లగా పూసింది.
ఒక తెల్ల గుండ్రం పక్కన బాణం గుర్తు వేసింది,
అచ్చం నా స్టిక్కరు మీద ఉండేదే.
దాని కింద ఇంకొకటి, చిన్నది. నా కూతురు ప్రణతి.

శనివారం సెలవు పెట్టి వెళ్లాను, కౌంటరు నాలుగుకి.
అబ్బాయి మంచివాడే. లిస్టు పైనుంచి కిందిదాకా చూశాడు,
మళ్లీ కిందినుంచి పైకి.
దీనికి కోడ్ లేదన్నాడు.
గడ్డ ఉంటే ఉంది. గడ్డ తీయడానికి ఉంది.
తీశాక మళ్లీ వస్తే దానికీ ఉంది.
ఇంకా రాని గడ్డని వెతకడానికి లేదు.
ఇల్లు అంటుకున్నాక బావి తవ్విస్తారు,
ఎంత లోతైనా, ఉచితంగా.
తల దించుకుని కన్నడంలో అన్నాడు,
"బందమేలె బన్ని అక్కా."
వచ్చాక రండి.

మంగమ్మపాళ్యలో మా చీటీ ఇరవై మందిది.
అవసరం మొహాన రాసుంది కాబట్టి
తొమ్మిది వేలు నష్టానికి పాడాను.
ప్రణతి సైకిలు స్కానయింది.

బోర్లా పడుకోబెట్టి లోపలికి తోశారు.
కదలొద్దన్నారు.
రేకు మీద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు
ఇరవై ఐదు నిమిషాలు.
చొక్కాలా పరుచుకుని ఉన్నాను.
అద్దం అవతల ఎవరో నన్ను చూస్తున్నారు.
అతని గంటకి ఎన్నో అని ఆలోచించాను.

రిపోర్టులో ఏమీ లేదు.
ఏమీ లేదు అన్న మాటకి
పదకొండు వేల నాలుగు వందలు.
బిల్లు కార్డు ఆఫీసుకి పంపితే తిరిగొచ్చింది,
కారణం గడిలో: రోగం నిర్ధారణ కాలేదు.
రెండుసార్లు చదివి నవ్వొచ్చింది నాకు,
తర్వాత రాలేదు.
వచ్చే ఏడు ఇదే నెల, మళ్లీ ఇదే పాట.

నిన్న టీ టైములో ఆ కాగితం చదివించుకుంది
ప్యాకింగులో పనిచేసే ఓబుళమ్మ.
అంతా విని ఏమీ అనలేదు.
గ్లాసు కడుగుతూ, "మా అమ్మకీ అదే" అంది.
వెనక బల్ల నుంచి ఇంకొకామె లేచి వచ్చింది.
బెల్లు కొట్టేసరికి కాగితం వెనక
గుండ్రాలు పట్టక అంచుల దాకా వచ్చాయి.
ఎవరి అమ్మని వాళ్లే బాల్‌పెన్నుతో నల్లగా పూశారు.
తెల్లగా మిగిలినవి లెక్కపెట్టబోతుంటే
బల్ల మీదికి చొక్కాలొచ్చి పడ్డాయి.