దశాంశ బిందువు

ఉగ్గాని ప్లేట్ల పక్కన లాప్‌టాప్ పెట్టుకొని
ముగ్గురం కూచున్నాం,
అనంతపురంలో గడియార స్తంభం వెనక మెస్సులో,
డాక్టర్ గంగరత్న
విజ్ఞాన సర్వస్వంలో ఉండాల్నా వద్దా అని.

వ్యాసం రాసింది నేను.
దాని నెత్తిన ఎర్ర పట్టీ:
విషయ ప్రాముఖ్యత తేలలేదు,
ఏడు రోజుల్లో తొలగించబడును.
ఇది ఏడో రోజు.

షాషావలికి ఇరవయ్యారేండ్లు, నియమాలన్నీ నోటికొచ్చు.
"ఆధారాలు తియ్యన్నా" అన్నాడు.
తీసినా.

జిల్లా ఎడిషన్‌లో ఒక వార్త, ఫోటోతో సహా:
రిబ్బను కత్తిరిస్తున్న మంత్రి,
ఆయన మోచేతి వెనక
ఆమె కొంగు అంచు.
ఏదో క్లబ్బు ఇచ్చిన సన్మాన పత్రం,
అందులో పేరు గంగా రత్నం.
పరిశోధన పత్రాన్ని పదకొండు చోట్ల ఉదహరించారు,
ఏడు చోట్ల ఆమే.
పేటెంటుకు పెట్టింది, ఫీజు కట్టలేక వదిలేసింది.
కంపెనీ పేరు తేట, ఇండస్ట్రియల్ ఎస్టేటు, పద్నాలుగో షెడ్డు.
ఇప్పుడక్కడ అరిగిన టైర్లకు రబ్బరు అతుకుతారు.

ఓబులేసు సారు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనాడు.
మిరపకాయ బజ్జీ విరుస్తా అన్నాడు:
"చెనిక్కాయ పొట్టు కాల్చి, ఆ బొగ్గుతో
బోరునీళ్లలో ఫ్లోరైడును పట్టింది కదప్పా!
ఒక్క మ్యాచి ఆడి సున్నాకు అవుటైనోనికి
పేజీ ఉండాది మీ దాంట్లో."

షాషావలి నవ్వలేదు.
"ఆ సున్నానైనా ఎవరో రాసిపెట్టినారు సార్.
మనం పతకాలిచ్చేటోళ్లం కాదు,
లోకం రాసుకున్నదాన్ని ఎత్తి రాసేటోళ్లం.
లోకం రాయలేదంటే తప్పు లోకానిది."

నాకు కోపం రాలేదు.
వాడన్నది నిజమే, అదే బాధ.

ఆ షెడ్డులో నేను రెండేండ్లు పొట్టు కాల్చినా.
కనుబొమ్మలు కాలిపోయి మల్లా మొలిచినాయి.
తెల్లారుజామున ఆమె వచ్చి
బొగ్గును వేళ్ల నడుమ నలిపి,
నాలిక మీద పెట్టుకొని,
"ఇంగా పది నిమిషాలు" అనేది.
కంబదూరు దిక్కు ఒక బడిలో ఫిల్టరు పెట్టినాం.
కొన్నేండ్లకు పోయి చూస్తే
కొత్త పండ్లొచ్చిన పిల్లోళ్లు
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతాండారు.

ఇదంతా చెప్పినా.
"యాడ అచ్చయింది?" అన్నాడు షాషావలి.
చూసినోని మాట చెల్లదు,
చదివినోని మాటే చెల్లుతుంది.
పైగా నేను ఆమె జీతం తిన్నోణ్ణి.
రెండు నెలలది ఇంకా రావాల,
అది వేరే సంగతి.

సారు ఉండబట్టలేక ఆమెకే ఫోన్ కొట్టినాడు, స్పీకరు పెట్టి.
అటుపక్క కుక్కరు కూత.
అంతా విని ఆమె:
"నా గురించా? పోనియ్యండి.
మీ ఫ్లోరైడు వ్యాసం చూసినారా ఎవరన్నా?
లీటరుకు పదిహేను మిల్లీగ్రాముల దాకా పర్వాలేదంట!
ఒకటిన్నర, నాయనా, ఒకటిన్నర.
నడుమ చుక్క రాలిపోయింది.
ఎవరన్నా నమ్మి తాగుతారు,
ముందు దాన్ని దిద్దండి."

షాషావలి నసిగినాడు, "మేడమ్, ఆధారం..."
పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది, పేజీ నంబరు
గుక్క తిప్పుకోకుండా చెప్పి
కుక్కరు దించాలని పెట్టేసింది.

వాడు ఆ పేజీ తెరిచి
ఒకటికీ ఐదుకూ నడుమ ఒక్కసారి ఒత్తినాడు.
ఏం మార్చారు, అని అడిగింది గడి.
చుక్క చేర్చాను, అని రాసినాడు.
ఎవరు చెప్పారో రాసేందుకు
అక్కడ గడి లేదు.

ఉగ్గాని డబ్బులు ఎవరియ్యాలనే దానిమీద
చానాసేపు నడిచింది, సారే ఇచ్చినాడు.
రాత్రి పన్నెండుకు గడువు ముగిసింది.
ఏకాభిప్రాయం లేదు.
వ్యాసం ఉండాది, ఎర్ర పట్టీతోనే.

అంతకుముందు, మెస్సు బయట
బైకు స్టార్టు చేసి, మల్లా ఆపి
షాషావలి అడిగినాడు:
"నిజంగా నాలిక మీద పెట్టుకునేదా అన్నా?"
ఊ, అన్నా.
ఆధారం అడగలేదు.