ముసలమ్మ చలి

వఫ్రాలో చలి పాదాల దగ్గర మొదలవుతుంది.
పగలంతా వెచ్చగా మాట్లాడిన ఇసుక
తెల్లారేసరికి ముఖం తిప్పుకుంటుంది.
నాలుగింటికి లేచి కుళాయి విప్పితే
పైపు రెండుసార్లు దగ్గి
మూడోసారికి నీళ్ళిస్తుంది.

మాది రేకుగది.
ఒక మంచం, ఒక గ్యాసుబండ,
పాలపొడి డబ్బాలో పుదీనా,
తలుపు సందులో కుక్కిన పాత చొక్కా.
పక్కగదిలో మొఫిజుల్.
చలికాలమంతా వాడి దగ్గే మాకు గడియారం.

ఓబులేసు దోసకాయల షెడ్డుకు పోతాడు.
నేను గొర్రెల దొడ్లోకి.
పచ్చగడ్డి మోపు విప్పుతుంటే
చుట్టూ మూగి చేతుల మీద ఊపిరి వదుల్తాయి.
ఆ పూటకు అదే నా పొయ్యి.

గురువారం సందేళ సిటీ నుంచి
ఇంటివాళ్ళు దిగుతారు,
మూడు కార్లు, పదకొండుమంది పిల్లలు.
గుడారం లేస్తుంది. దువ్వలో బొగ్గులు కళ్ళు తెరుస్తాయి.
నేను అల్లం దంచుతుంటే ఆ చప్పుడుకే
పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసగా కూచుంటారు.
మునెమ్మ అనడం వాళ్ళకు రాదు.
మునీమా, మునీమా,
ఇంకొంచెం పాలు.

వాళ్ళ నాయనమ్మ ఉమ్ ఫహద్‌కు
మోకాళ్ళు పట్టేస్తాయి. నేను నూనె రాస్తాను.
ఆమె అరబ్బీలో మూలుగుతుంది, నేను తెలుగులో సముదాయిస్తాను.
నొప్పి ఎవరి మాట విందో ఏమో
కాసేపటికి ఇద్దరం ఊరుకుంటాం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని
మా అవ్వ లెక్క.
ఆ లెక్కనే నమ్మి, మర్నాడు పొద్దున్నే
పులిబొమ్మ కంబళి తొట్టిలో ముంచాను.
తొక్కీ తొక్కీ కాళ్ళు పీకాయి.
రెండు ఈతచెట్ల మధ్య తాడు మీద
తడిసిన పులి వేలాడింది
తోక నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుస్తూ.

ఉమ్ ఫహద్ కుర్చీలోంచి చూసి
పళ్ళు లేని నోటితో నవ్వింది.
"ముసలమ్మ ఇంకా రాలేదే, మునీమా!"

ఎప్పుడో ఒక ముసలిది
చలి పోయిందని గొర్రెల ఉన్ని కత్తిరించిందట.
ఆ రాత్రే చలి వెనక్కి తిరిగి వచ్చిందట.
అప్పట్నుంచీ ఏటా కొన్ని రోజులు
ఆమె పేరు మీద వస్తుందట.

వచ్చింది.
అర్ధరాత్రి గాలి రేకు మీద గోళ్ళతో గీకింది.
షెడ్డు ప్లాస్టిక్ ఒకచోట చిరిగి పటపటమంటుంటే
టార్చి పట్టుకుని ఓబులేసు ఉరికాడు. వెనకే నేను.
మొలకలు వేలెడు కూడా లేవు.
చేతికి ఏదీ దొరక్క
పెట్టెలోని వంగపండు రంగు చీర తెచ్చి
ఆ చిరుగుకు కట్టేశాం.
మూడేళ్ళుగా కట్టనిది,
ఇసుకలో ఎక్కడికి కట్టుకుపోను?

గదికొచ్చాక కప్పుకోడానికి ఏముంది?
పులి ఇంకా తాడు మీదే, తడితడిగా.
దాణా గోతాలు నాలుగు పరిచి
ఇద్దరం వాటి కింద దూరాం.
ఒళ్ళంతా తవుడు, దురద.
"మీ శివుడికి ఈ దారి తెలీదులేవే" అన్నాడు.
నవ్వితే పళ్ళు టకటకలాడాయి.
అంత నవ్వు ఈ గదిలో
అంతకుముందు ఎప్పుడు నవ్వామో గుర్తులేదు.

ఇప్పుడు ఓబులేసు ఈతచెట్లెక్కి
ఆడ గెలల మీద మగపూత దులుపుతున్నాడు.
దిగొస్తే మీసాలు తెల్లగా పిండి పిండిగా ఉంటాయి.
ముసలాడివైపోయావంటే కోపం.
కంచె అవతల అర్ఫజ్ పొదలు పచ్చగా పూశాయి.
గుడారం మడతపెట్టారు. దువ్వ బూడిద
పుదీనా డబ్బాలో పోశాను.
చీర మాత్రం షెడ్డుకే ఉంది.
గాలొచ్చినప్పుడు పొట్టలా ఉబ్బుతుంది, తగ్గుతుంది.
విప్పమని నేను అడగలేదు,
అతనూ విప్పలేదు.

మొఫిజుల్ దగ్గు తగ్గిపోయింది.
ఇవాళ ఆలస్యంగా లేచాం.
దొడ్లో గొర్రెలు తిడుతున్నాయి.