గోళ్లరంగు గీత

అనంతపురం, రామనగర్‌లో రెండో అంతస్తు.
మా బాత్రూమ్ గోడ మీద పదిహేను లీటర్ల తెల్లటి పొట్ట,
దాని అడుగున చిన్న చక్రం, చుట్టూ అంకెలు.
మూడేండ్లుగా ఆ చక్రాన్ని ఎవురమూ ముట్టుకోలేదు.
బిగించినోడు యాడ తిప్పి పోయినాడో ఆడే ఉండె.

మేం తిప్పుకునేది కొళాయిలే.
ఎర్రచుక్కది ఒక చుట్టు, నీలంచుక్కది చుట్టున్నర.
చన్నీళ్లకు వేన్నీళ్లు తోడని
సంసారం మాదిరే షవర్నూ నడుపుకుంటాంటిమి.
కింద నాగరత్నమ్మ గిన్నెలు తోమను కొళాయి తిప్పితే
పైన నా వీపు చుర్రుమనేది.
ఆమె కట్టేస్తే ఒళ్లు జలదరించేది.
గోడ మీద చెంబుతో రెండు దెబ్బలు కొడితే
కింద నుంచి ఒక దెబ్బ తిరిగొచ్చేది.

డ్యూటీ దిగొచ్చి
ఎర్రచుక్క కింద కాళ్లు పెట్టుకునే మా ఆయన మాత్రం
ఎన్నడూ అరవలేదు.
ఓర్పు అనుకుంటి.

డిసెంబర్‌లో ఒకనాడు డిపోలో బూటు విప్పితే
మేజోడుతో పాటు తోలూ వచ్చింది.
"నీళ్లు సల్లగానే ఉండె కదే" అన్నాడు.
ఇరవై రెండేండ్లు బ్రేకు తొక్కిన పాదం.
చక్కెర దాని స్పర్శను
ఏ స్టేజీలో దింపేసి పోయిందో
బస్సులో ఎవురూ చూడలేదు.
ఇప్పుడాయన స్టీరింగు దగ్గర లేడు,
కంట్రోలర్ పక్కన కుర్చీలో కూచుని
పోయే బస్సులకు టైము రాస్తాడు.

గౌస్‌పీరా వచ్చి మూత విప్పితే
దోసెడు సున్నం రాలింది, గుల్లలు గుల్లలుగా.
"మన బోరు నీళ్లు మేడమ్,
తాగితే పండ్లకు, కాగితే రాడ్డుకు."
గీకీ గీకీ చక్రం చూసి నాలుక కరుచుకున్నాడు.
"డెబ్బై అయిదా!
మనిషికి నీళ్లు పోస్తాండారా, కోడికి ఈకలు పీకుతాండారా?
నలభై అయిదు చాలు. నీలాన్ని మరిచిపోండి.
తొరిపే పని చేతికి ఇయ్యొద్దు."

అతను పోయినాక పాప గోళ్లరంగు తెచ్చి
అంకె పక్కన గీత పెట్టినా.
గోరువెచ్చన అంటే ఇదే కాబోలని నవ్వుకుంటి.
అయినా మోచెయ్యి పెట్టి చూడందే
ఆయన్ని లోపలికి పంపను.
పాదాలకు నేనే పోస్తా, ఏలికీ ఏలికీ నడుమ తడి తుడుస్తా.
ఆయన కిటికీ దిక్కు చూస్తాంటాడు,
రోడ్డు అటే ఉన్నట్టు.

మే వచ్చేసరికి లెక్కంతా తలకిందులు.
మిద్దె మీద నల్లట్యాంకు పగలంతా పొయ్యి మీదున్నట్టే.
గీజర్ స్విచ్చి కట్టేసినా.
తెల్లారుజామున నీళ్లు సల్లబడినప్పుడు
పాతవి బకెట్లోకి వదిలి, పొట్ట నిండా కొత్తవి పడతా.
మధ్యాహ్నానికి ఎర్రచుక్కలో సల్లన,
నీలంచుక్కలో నిప్పు.

మొన్న పరధ్యానంగా నీలం తిప్పినాడు.
"అబ్బా!"
వంటింట్లో నుంచి ఉరికినా.
పాదాలు ఎర్రగా ఉండాయి, అవేం చెప్పలేదంట.
అరిచింది మోకాలు.
"ఇంతవరకూ తెలుస్తాండాదే" అని
మోకాటి కింద జానెడు దూరంలో ఏలు పెట్టి చూపించినాడు.

కిటికీలో సీసా అట్లే ఉండె.
మూత తీసి ఆడ సన్నగా గీత గీసినా,
వచ్చే నెల అది పైకి జరగకుంటే సాలని.
కాలు వెనక్కి తీసుకోలేదు.

సల్లగా ఉండాది, అన్నాడు.